తిరుగుదారి: కాశీ నుంచి చెన్నపట్నానికి, రంగం నుంచి ఊరికి

యాత్రలను గురించి మన భాషలో ఉన్న రచనలలో బయలుదేరిన రోజుకు దక్కిన గౌరవం తిరిగి వచ్చిన రోజుకు దక్కలేదు. ముహూర్తం, శకునం, వెంట వచ్చినవారు, దాటిన నదులు, దర్శించిన క్షేత్రాలు, ఇవన్నీ వివరంగా కనిపిస్తాయి. యాత్రికుడు ఇంటి గడప తొక్కిన తరువాత ఏమైందో, అతనికి తన ఊరు ఎట్లా కనిపించిందో, ఊరికి అతను ఎట్లా కనిపించాడో చెప్పేవారు తక్కువ. ఈ వ్యాసంలో ఆ తిరుగు ప్రయాణాన్నే చరిత్ర విషయంగా పరిశీలించదలచాము.

ఇందుకు ఒక కారణం ఉంది. ఈ పత్రికను చదివే విద్యార్థులలో ఎక్కువమంది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలోను, యానాంలోను తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు. వీరిని చుట్టాలు, స్నేహితులు, అధ్యాపకులు తరచు అడిగే ప్రశ్న ఒకటి: మీ సొంత ఊరు ఏది? పుట్టి పెరిగిన ఊరి పేరు చెబితే, అది కాదు, అసలు ఊరు ఏదని మళ్ళీ అడుగుతారు. అసలు ఊరు ఏదో ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా తెలియని సందర్భాలు ఉంటాయి. ఉద్యోగరీత్యా, పరిశోధన రీత్యా చాలా ఏళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగిన మాకు కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి సమాధానం వెదకాలంటే, పూర్వం జీవితంలో పెద్ద భాగం దారి మీద గడిపిన తెలుగువారు ఏ చోటికి తిరిగి వచ్చి దానిని ఇల్లు అనుకున్నారో చూడటం ఒక మార్గం.

మాటలు చెప్పే చరిత్ర

ముందుగా మన మాటలను కొంచెం పరిశీలిద్దాం. తెలుగులో దేశమనే మాటకు నేడు ఉన్న అర్థం వేరు, పాత వాడుక వేరు. పాత వాడుకలో అది ఒక సీమ, ఒక ప్రాంతం. ఊరు విడిచి ఎక్కడెక్కడో తిరిగేవాణ్ణి దేశదిమ్మరి అన్నారు. బతకలేక ఊరు వదిలినవాడు దేశం మీద పడ్డాడన్నారు. పరదేశి అంటే వేరే సీమవాడని అర్థం కాగా, వాడుకలో అది దిక్కులేనివాడు, అడుక్కునేవాడు అనే అర్థానికి దిగింది. సొంత ఊరు లేనివాడికి దిక్కు లేదన్న భావం ఈ మార్పులోనే ఉంది.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే సామెత ఇంకా వాడుకలో ఉంది. రైళ్ళు రాకముందు ఇది అతిశయోక్తి కాదు. దక్షిణాది నుంచి కాశీకి పోయి రావడానికి ఏడాదికి పైగా పట్టేది. దారిలో దొంగల భయం, వాంతిభేది, వర్షాకాలంలో దాటరాని ఏళ్ళు, ఒక్కొక్క సీమలో ఒక్కొక్క నాణెం, అడుగడుగునా సుంకాలు ఉండేవి. అందుకే ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టుకొని, అందరితో వీడ్కోలు చెప్పించుకొని బయలుదేరేవారు. క్షేమంగా తిరిగి వచ్చినవారు కాశీ సమారాధన చేసి బంధువులకు భోజనం పెట్టడం, మూత వేసి తెచ్చిన గంగ చెంబులను పూజించడం, కాశీ దారాలు పంచడం, వయసుతో నిమిత్తం లేకుండా వారికి ఊరివారు నమస్కరించడం మన ఇళ్ళలో తెలిసిన ఆచారాలే. ఇవన్నీ తిరిగి వచ్చిన మనిషిని మళ్ళీ ఊరిలో కలుపుకునే పద్ధతులు. పోయినవాడు పోయినట్టే లెక్కగనుక, వచ్చినవాణ్ణి కొత్తగా లెక్కలోకి తీసుకోవలసి వచ్చేది.

వీరాస్వామయ్య యాత్ర

ఇటువంటి యాత్ర చేసి, తిరిగి వచ్చి, దానిని తెలుగులో మనకు మిగిల్చిన వ్యక్తి ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన గ్రంథం కాశీయాత్ర చరిత్రను తెలుగులో తొలి యాత్రా రచనగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. విద్యార్థులకు ఆ గ్రంథం పేరు పాఠ్యపుస్తకాల ద్వారా తెలిసే ఉంటుంది. అయితే దానిని రాసినవాడు కృష్ణా గోదావరి తీరాలవాడు కాదు, చెన్నపట్నపు తెలుగువాడు అన్న విషయం మీద తగినంత దృష్టి పడలేదని మాకు అనిపిస్తుంది.

వీరాస్వామయ్య చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. చిన్న వయసులోనే కొలువులో చేరి, తిరునెల్వేలి ప్రాంతంలో కూడా పనిచేసి, తరువాత చెన్నపట్నంలోని సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ పదవికి వచ్చారు. అంటే సాక్షులు, కక్షిదారులు దేశభాషలలో చెప్పిన మాటను ఇంగ్లీషు న్యాయమూర్తులకు, న్యాయమూర్తుల మాటను వారికి అందించే ఉద్యోగం. ఒక భాషలోని మాట మరొక భాషలోకి పోయి మళ్ళీ తిరిగి రావడమే ఆయన నిత్యకృత్యం. యాత్రా రచనలో ఆయన చూపిన నిదానానికి, ఏది చూసినా లెక్కగా చెప్పే అలవాటుకు ఈ ఉద్యోగం కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

1830 మే 18 రాత్రి ఆయన చెన్నపట్నంలో తండయారువీడులోని తన తోట నుంచి పరివారంతో బయలుదేరి మాధవరం చేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకొని, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరారు. అక్కడినుంచి ఉత్తరంగా గోదావరి దాటి నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగకు, కాశీకి వెళ్ళారు. గయ, పాట్నా చూసి కలకత్తా చేరారు. తిరిగి వచ్చేటప్పుడు జగన్నాథం మీదుగా గంజాం సీమలో ప్రవేశించి, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, నెల్లూరు దారిన 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. మొత్తం పదిహేనున్నర నెలలు.

చెన్నపట్నంలోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె కోరిక మీద వీరాస్వామయ్య దారిలో చూసినవన్నీ రాసి ఆయనకు పంపుతూ వచ్చారు. ఏ ఊరికి ఎంత దూరం, ఎన్ని ఇళ్ళు, అంగళ్ళు ఉన్నాయా లేవా, నీళ్ళు ఎటువంటివి, దిగడానికి వసతి ఏమిటి, ఇవన్నీ అందులో ఉన్నాయి. వాటి నడుమ కర్మను గురించి, జాతులను గురించి, దొరల పాలనను గురించి తన ఆలోచనలు చేర్చారు. భాష కూడా గ్రాంథికపు బిగువు లేనిది. అరవం, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు సహజంగా కలిసిన చెన్నపట్నపు తెలుగు అది. ఆ భాషను తప్పుల భాష అని ఆయన అనుకోలేదు. తన ఊళ్ళో తాను మాట్లాడుకునే మాటను కాగితం మీద పెట్టారు. సరిహద్దుకు ఆవల పెరిగి, తమ తెలుగు మంచి తెలుగు కాదేమోనని సంకోచపడే విద్యార్థులు ఈ విషయం గమనించాలి. తెలుగులో తొలి యాత్రాగ్రంథమే ఇటువంటి కలగలుపు తెలుగులో పుట్టింది.

ఇంటికి చేరిన తరువాత ఆయన అయిదేళ్ళు జీవించి 1836లో కన్నుమూశారు. 1838లో శ్రీనివాస పిళ్ళె దానిని అచ్చు వేయించారు. 1869లో మళ్ళీ అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు విపులమైన పీఠికతో, వివరణలతో పరిష్కరించి 1941లో ప్రకటించిన తరువాతనే ఈ గ్రంథం ఆధునిక పాఠకులకు అందుబాటులోకి వచ్చింది. మనిషి ఇల్లు చేరడానికి పదిహేనున్నర నెలలు పడితే, అతని మాట పాఠకుల ఇల్లు చేరడానికి నూరేళ్ళు పట్టిందన్నమాట.

పోయిన దారి, వచ్చిన దారి

వీరాస్వామయ్య పోయిన దారినే తిరిగి రాలేదు. పోయేటప్పుడు లోపలి దారి, వచ్చేటప్పుడు సముద్రతీరపు దారి పట్టారు. దీనివల్ల ఆయన యాత్ర తెలుగు సీమకు ఒక ప్రదక్షిణం అయింది. ఈ సంగతి చరిత్ర విద్యార్థికి చాలా ఉపయోగకరమైనది.

ఆనాడు తెలుగువారందరూ ఒక పాలన కింద లేరు. కడప మొదలైన దత్తమండలాలను నిజాము 1800లో కంపెనీకి ఇచ్చాడు. బనగానపల్లెకు నవాబు ఉన్నాడు. వనపర్తి నుంచి గోదావరి దాటిన తరువాత కూడా నిజాము రాజ్యం, దాని నిండా సంస్థానాలు. నాగపూరులో భోంస్లేలు. తీరం వెంబడి ఉత్తర సర్కారులు పద్దెనిమిదో శతాబ్దంలోనే కంపెనీకి చేరాయి. అక్కడ పెద్ద పెద్ద జమీందారీలు ఉండేవి. దేశమంతటికీ ఒకే కంపెనీ రూపాయి 1835లో గాని రాలేదు. ప్రయాగలో, గయలో, జగన్నాథంలో యాత్రికుల మీద కంపెనీ పన్ను వసూలు చేసేది. 1840లో గాని దానిని రద్దు చేయలేదు. ఈ పాలనలన్నిటినీ ఒకే మనిషి, ఒకే యాత్రలో, ఒకే భాషలో నమోదు చేయడం వల్ల కాశీయాత్ర చరిత్ర తీర్థయాత్రా గ్రంథంగానే కాక ఆనాటి సీమల పోలికల పుస్తకంగా కూడా ఉపయోగపడుతుంది.

తిరుగుదారికి మరొక విలువ ఉంది. 1831లో ఆయన తీరాంధ్రం గుండా నడిచిపోయిన తరువాత ఏడాది రెండేళ్ళకే, 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని నందన సంవత్సరపు కరువు పట్టుకుంది. గుంటూరు సీమలో జనం పెద్ద సంఖ్యలో చనిపోయారు, ఊళ్ళకు ఊళ్ళు వదిలి పోయారు. కరువుకు ముందు ఆ తీరపు దారి ఎట్లా ఉండేదో, సత్రాలు ఎక్కడ నడిచేవో చూసి రాసిన దేశీయుడి సాక్ష్యం మనకు ఆ తిరుగు ప్రయాణం వల్లనే దక్కింది. ఆయన పోయిన దారినే మళ్ళీ వచ్చి ఉంటే అది మనకు లేకపోయేది.

చెన్నపట్నమే ఇల్లు

ఇక మన ప్రశ్నకు వద్దాం. గంజాంలో తెలుగు సీమ మొదలయింది. అక్కడినుంచి నెల్లూరు దాకా వందల మైళ్ళ పొడవున తన భాష మాట్లాడే జనం మధ్య నుంచి వీరాస్వామయ్య నడిచారు. ఎక్కడా ఇల్లు చేరాననుకోలేదు. ఆయన ఇల్లు దారి చివర, తెలుగూ అరవమూ పక్కపక్కన వినిపించే చెన్నపట్నంలో ఉంది. ఆయన రాసిన లేఖలు కూడా ఆ ఊరికే చేరాయి. తెలుగు మాట్లాడే సీమ ఒకటి, తన ఇల్లు మరొకటి. రెండూ తనవే. ఈ రెంటికీ మధ్య వైరుధ్యం ఉందని ఆయన కాలంవారు భావించినట్టు కనిపించదు.

చెన్నపట్నం పేరులోనే ఈ సంబంధం ఉంది. 1639లో తూర్పు తీరంలో ఆ స్థలాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చినవారు దామర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరు మీదనే ఆ పట్టణానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1812లో సెంట్ జార్జి కోటలో ఏర్పడిన కళాశాలలో కంపెనీ ఉద్యోగులకు తెలుగు నేర్పే పండితులు ఉండేవారు. తెలుగు అచ్చు పుస్తకాలకు చాలాకాలం చెన్నపట్నమే ప్రధాన కేంద్రం. అటువంటి ఊరు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని అవతల ఉండిపోయింది. వీరాస్వామయ్య ఇల్లు కదలలేదు. గీత కదిలింది.

ఇటువంటి గీతలు ఆయన దారి మీద, దాని చుట్టుపక్కల మరికొన్ని పడ్డాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో పెద్ద భాగం, బరంపురం, పర్లాకిమిడి అందులో చేరాయి. 1953లో బళ్ళారి జిల్లాలో ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా బళ్ళారి మైసూరుకు పోయింది. 1960లో సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. గోదావరి, ప్రాణహితల ఆవలి ఒడ్డున సిరొంచ వంటి తెలుగు పల్లెపట్టులు మహారాష్ట్రలో ఉన్నాయి. ఫ్రెంచివారి చేతిలో ఉండిన యానాం 1954లో వారి పాలన నుంచి బయటపడి పుదుచ్చేరిలో భాగమయింది.

వీటిలో పర్లాకిమిడి సంగతి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి తన జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్ళోనే గడిపారు. అక్కడి పాఠశాలలో చదువు చెప్పారు. కొండల్లోని సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చి దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆ ఊరు ఒరిస్సాలో చేరడాన్ని వ్యతిరేకించి, చేరిన తరువాత 1936లో, డెబ్బై దాటిన వయసులో, దానిని విడిచి రాజమహేంద్రవరం వచ్చారు. ఇది తిరిగి రావడమా, వదిలి పోవడమా? భాష సీమకు ఆయన తిరిగి వచ్చారని చెప్పవచ్చు. పుస్తకాలు, శిష్యులు, సవర స్నేహితులు ఉన్న ఇంటిని వదిలి పోయారని కూడా చెప్పవచ్చు. రెండు వాక్యాలూ నిజమే. ఆయన వెళ్ళిన తరువాత కూడా పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ళు ఉండిపోయాయి. వెళ్ళినవారి నిర్ణయాన్ని ఎంత గౌరవిస్తామో, ఉండిపోయినవారి నిర్ణయాన్ని కూడా అంతే గౌరవించాలని మా మనవి.

పుస్తకం రాయని యాత్రికులు

వీరాస్వామయ్యకు పల్లకీ ఉంది, పరివారం ఉంది, లేఖలు అందుకునే మిత్రుడు ఉన్నాడు. ఆయన బయలుదేరడానికి రెండేళ్ళు ముందు, 1828 ప్రాంతంలో, యానాం నుంచి కొందరు తెలుగు కూలీలు ఒప్పందం మీద రియూనియన్ ద్వీపానికి ఓడ ఎక్కారు. వారిదీ దూరప్రయాణమే. వారి యాత్రా చరిత్ర మాత్రం లేదు. ఓడ కాగితాలలో, దొరల ఉత్తరాలలో లెక్కగా మాత్రమే వారు మిగిలారు. తరువాతి దశకాలలో మారిషస్‌కు, ఇతర దీవులకు పోయినవారి సంగతి కూడా ఇంతే.

గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు ఆ కాలంలో ప్రసిద్ధమైనది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును నాశనం చేసింది. అయినా దాని పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచారు. అక్కడ ఆ మాటలో చిన్నచూపు కూడా చేరింది. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి కాకినాడ, విశాఖపట్నం, గోపాలపూరు మొదలైన రేవుల నుంచి ఆవిరి ఓడల మీద గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు వేలుగా రంగూనుకు వెళ్ళారు. మనవాళ్ళు దానిని రంగం అన్నారు. రంగం వెళ్ళాడన్న మాట ఆ జిల్లాల పల్లెల్లో మామూలు మాట. మేస్త్రీలు బయానా ఇచ్చి కూలీలను తీసుకుపోయేవారు. బియ్యపు మిల్లులలో, ఓడరేవులో, రిక్షా లాగడంలో తెలుగువారే అధికంగా కనిపించేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఈ వలసకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. పోయినవారిలో ఎక్కువమంది మగవాళ్ళు. రెండు మూడేళ్ళు పనిచేసి, కొంత వెనకేసుకొని, ఊరికి వచ్చి, మళ్ళీ పోయేవారు. అంటే తిరిగి రావడం ఆ బతుకులో భాగం. వీరాస్వామయ్య జీవితంలో ఒక్కసారి చేసిన వలయాన్ని రంగం కూలీ నాలుగైదుసార్లు చేసేవాడు. ఊళ్ళో అతని ఇల్లు అతను లేకుండానే నడిచేది. భార్య, తల్లి, అన్నదమ్ములు ఆ ఇంటిని నిలబెట్టేవారు. తిరిగి రావడానికి ఒక ఇల్లు ఉండటం వెనుక ఇంట్లో ఉండిపోయినవారి శ్రమ ఉందన్న సంగతి వలస చరిత్రలలో ఎక్కువగా కనిపించదు.

ఆ వలయం తెగిపోయిన సందర్భాలు మూడు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి బదులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చినప్పుడు, మే 26న, పని పోయిన బర్మీయులకు, వీరికి మధ్య చెలరేగిన కొట్లాటలలో వందమందికి పైగా చనిపోయారు. కొట్లాట ఇద్దరు పేదల మధ్య జరిగింది. లాభం మూడోవాడిది. ఆ తరువాత వేలమంది ఓడలెక్కి వచ్చేశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమయింది. ఓడలు దొరకని భారతీయులు నాలుగైదు లక్షలమంది అరకాను దారిన చిట్టగాంగుకు, తము దారిన మణిపురానికి కొండలు, అడవులు నడిచి వచ్చారు. దారిలో చనిపోయినవారి సంఖ్య పదివేలని కొందరు, యాభైవేలని కొందరు అంచనా వేశారు. ఆ వ్యత్యాసమే వారిని ఎవరూ లెక్క పెట్టలేదనడానికి సాక్ష్యం. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేసిన తరువాత మిగిలినవారిలో చాలామంది చేతిలో కొద్ది డబ్బుతో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు అనే పేర్లు అట్లా ఏర్పడ్డవే.

ఈ మూడో విడతలో వచ్చినవారిలో చాలామంది బర్మాలో పుట్టినవారు. కాగితాల మీద వారిని స్వదేశానికి తిరిగి వచ్చినవారని రాశారు. వారు ఎన్నడూ చూడని ఊరికి తిరిగి ఎట్లా వస్తారు? వారికి ఇల్లు రంగూనులోనే ఉంది. పోగొట్టుకున్నది దానినే. వారి తాతల ఊరు వారికి కొత్త ఊరు. మరోవైపు, వెళ్ళకుండా ఉండిపోయిన తెలుగు కుటుంబాలు మయన్మార్‌లో నేటికీ ఉన్నాయి. కాగితం మీద ఉన్న మాటకూ మనిషి అనుభవానికీ ఉన్న ఈ దూరాన్ని గుర్తించడం చరిత్ర విద్యార్థి మొదటి పని.

భాషను ఇంటికి తీసుకుపోయినవాడు

ఇందుకు విలోమమైన ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. బాల్యం గడిచిన తరువాత ఇంగ్లండు వెళ్ళి, 1817లో చెన్నపట్నం వచ్చి, 1820లో కడప చేరి తెలుగు నేర్చుకున్నారు. వేమన పద్యాలను సేకరించి పరిష్కరింపజేశారు. పండితులకు జీతాలిచ్చి కావ్యాల ప్రతులు రాయించారు. నిఘంటువులు అచ్చు వేయించారు. 1855లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయారు. లెక్క ప్రకారం అది స్వదేశానికి తిరిగి వెళ్ళడం. కాని అక్కడ కూడా ఆయన తెలుగు విడిచిపెట్టలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులై, 1884లో మరణించారు. తెలుగు సీమకు ఎంతో దూరాన తెలుగు బోధించిన తొలి పీఠాలలో అది ఒకటి. నేడు ఇతర రాష్ట్రాలలో తెలుగు శాఖలలో చదువుతున్న విద్యార్థులు ఆ వరుసలోనివారే.

విద్యార్థులు చేయగల పని

పై ఉదాహరణలను బట్టి మేము చెప్పదలచింది ఇది. ఇల్లు అనేది భాష ఉన్న సీమతో ఎప్పుడూ సరిపోదు. వీరాస్వామయ్యకు సరిపోలేదు, గిడుగుకు సరిపోలేదు, రంగం కూలీ మనుమడికి సరిపోలేదు. ఒకరికి తాను బయలుదేరిన చోటు ఇల్లు, ఒకరికి పని చేసిన చోటు, ఒకరికి ఇంట్లోవాళ్ళు ఎదురుచూసిన చోటు. సొంత ఊరు ఏదని అడిగినప్పుడు పుట్టిన ఊరి పేరు చెప్పిన విద్యార్థి తప్పు చెప్పడం లేదు. ఆ తరువాత, మా పెద్దలు ఫలానా చోటు నుంచి ఫలానా కాలంలో వచ్చారని కూడా చెప్పగలిగితే సమాధానం పూర్తి అవుతుంది. ఆ రెండో వాక్యం చాలామందికి తెలియదు. దానిని తెలుసుకోవడానికి ఇంకా కొంత అవకాశం ఉంది.

మొదటిది, ఇంట్లో పెద్దవారిని అడగడం. ఎప్పుడు వచ్చారని అడిగితే సంవత్సరం చెప్పలేరు. ఏ కరువు తరువాత, ఏ తుఫాను తరువాత, ఎవరి పెళ్ళికి ముందు అని అడిగితే చెబుతారు. ఏ దారిన వచ్చారు, వెంట ఏమి తెచ్చుకున్నారు, మళ్ళీ ఎప్పుడైనా పాత ఊరికి వెళ్ళారా, వెళితే అక్కడ ఎవరింట్లో దిగారు, ఎందుకు తిరిగి వచ్చేశారు, ఈ ప్రశ్నలు వేయాలి. బామ్మలను, అమ్మమ్మలను ప్రత్యేకంగా అడగాలి. మగవాళ్ళు ప్రయాణం గుర్తు పెట్టుకుంటారు. ఆ కాలంలో ఇల్లు ఎట్లా గడిచిందో ఆడవాళ్ళకు గుర్తుంటుంది. వారు చెప్పిన మాటలను వారి మాండలికంలోనే రాసుకోవాలి. దిద్దకూడదు.

రెండోది, కాగితాలు. కాశీ, గయ, పూరీలలో తీర్థపురోహితుల దగ్గర వంశపారంపర్యంగా వచ్చిన యాత్రికుల పుస్తకాలు ఉంటాయి. ఇంటిపేరు, ఊరిపేరు చెబితే పూర్వులు వచ్చినప్పుడు చేసిన సంతకాలు దొరికే అవకాశం ఉంది. అందులో పూర్వులు తమ ఊరని ఏది రాసుకున్నారో ముఖ్యంగా చూడాలి. మన ప్రశ్నకు వారే ఇచ్చుకున్న సమాధానం అది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ అభిలేఖాగారంలో పూర్వపు మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు ఉన్నాయి. గంజాం నుంచి బళ్ళారి దాకా అన్ని జిల్లాల సంగతులు అక్కడ వెదకవచ్చు. బర్మా నుంచి వచ్చిన కుటుంబాలవారు పాత పాస్‌పోర్టులు, ఓడ టిక్కెట్లు, పునరావాస కాగితాలు పారేయకుండా నకళ్ళు తీయించి పెట్టుకోవాలి.

మూడోది, కాశీయాత్ర చరిత్రను ఎవరి ఊరికి దగ్గరగా ఉన్న భాగాన్ని వారు చదవడం. నాగపూరు విద్యార్థి నాగపూరు భాగం, బరంపురం విద్యార్థి గంజాం భాగం, చెన్నై విద్యార్థి మొదటి, చివరి పుటలు చదివి, నాటి దారి మీద నేడు ఏమి ఉందో చూసి రావచ్చు. రోజుకు ఒక ఊరు చొప్పున నడవనక్కరలేదు. ఒక్క ఆదివారం చాలు. చెరువు ఉందా, సత్రం ఉందా, ఆ వీధిలో ఇంకా తెలుగు వినిపిస్తోందా అని గమనించి, తేదీ వేసి రాసి ఇంట్లో ఒక ప్రతి, శాఖ గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచాలి. వీరాస్వామయ్య చేసింది కూడా ఇంతే. కనిపించినదానిని కనిపించిన రోజున, తన ఇంటి తెలుగులో రాసి, ఊళ్ళో ఉన్న మిత్రుడికి పంపారు.